కిట్ లెన్స్ తర్వాత ఏది కొనాలి? నికాన్ డి5600, బడ్జెట్ నలభై వేలు

కాకినాడ_క్లిక్:
నమస్తే అందరికీ. నా దగ్గర డి5600 కెమెరా, దాంతో వచ్చిన కిట్ లెన్స్ ఏఎఫ్-పి 18–55 ఉన్నాయి. ఇంట్లో అక్క పిల్లల ఫొటోలు, ఆదివారాలు కోరింగ మడ అడవుల వైపు పిట్టలు, నేను తీసేవి ఇవే. తెలిసినాయన 50ఎంఎం 1.8డి లెన్స్ చవగ్గా ఇస్తానంటున్నాడు. పిట్టలకి 70–300 జూమ్ లెన్స్ సరిపోతుందా, ఆగి 200–500 కొనాలా? ట్రైపాడ్, ఫిల్టర్లు కూడా ఈ డబ్బులోనే సర్దాలి. ఇంట్లో ఒప్పించేసరికే తలప్రాణం తోకకొచ్చింది, మళ్ళీ అడగలేను.

లెన్సుపిచ్చోడు:
ఆ 50 వదిలేయండి. లెన్స్ మంచిదే గానీ మీ కెమెరా బాడీకి పనికిరాదు. అలాంటి పాత ‘డి’ రకం లెన్సుల్లో ఆటోఫోకస్ మోటార్ ఉండదు, బాడీలో ఉన్న మోటారే వాటిని తిప్పాలి. డి7000 వరుసలో అది ఉంది, డి3000, డి5000 వరుసల్లో లేదు. అంటే పిల్లల వెనక పరిగెడుతూ చేత్తో ఫోకస్ చేసుకోవాలి. రేపు నికాన్ మిర్రర్‌లెస్‌కి (లోపల అద్దం లేని కొత్త రకం కెమెరా) మారి, పాత లెన్సుల్ని దానికి కలిపే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ తగిలించినా దానికి ఆటోఫోకస్ రాదు.

దాని బదులు 35ఎంఎం 1.8జి డీఎక్స్ చూడండి. మీది చిన్న సెన్సర్ ఉన్న క్రాప్ బాడీ (నికాన్ మాటల్లో డీఎక్స్), దాని మీద 35 చూపు ఇంచుమించు 52 అంత ఇరుకవుతుంది, 50 అయితే 75 అంత అవుతుంది. మన హాళ్ళలో 75తో ఇద్దరు పిల్లల్ని ఫ్రేములో పట్టాలంటే వీపు గోడకి ఆనాల్సిందే. నమ్మకం కలగకపోతే మీ జూమ్‌ని ఒక పూట 35 దగ్గర, ఇంకో పూట 50 దగ్గర కదపకుండా ఉంచి ఇంట్లో ఫొటోలు తీయండి. పైసా ఖర్చు లేదు.

గూడబాతు_గుంటూరు:
పిట్టల సంగతి నేను చెప్తా. ఉప్పలపాడు లాంటి చోట చెరువులో చెట్ల మీదే గూళ్ళు ఉంటాయి, ఒడ్డు నుంచి 300 బాగానే అందుతుంది. పులికాట్‌లో రాజహంసలంటే మాత్రం 500 కూడా చాలదు, అవి నీళ్ళలో ఎక్కడో ఉంటాయి. కోరింగ చెక్కబాట మీద చెట్లు దగ్గరే కాబట్టి మీకు 300 చాలు.

70–300 డీఎక్స్ ఏఎఫ్-పిలో రెండు రకాలున్నాయి, వీఆర్ (చేతి వణుకు తగ్గించే ఏర్పాటు) ఉన్నది, లేనిది. పేరు చివర ‘వీఆర్’ అని ఉంటేనే కొనండి. దాని మీద వీఆర్ స్విచ్ కనబడదు, కంగారు పడొద్దు, కెమెరా మెనూలో ఉంటుంది. 300 దగ్గర అపర్చర్ (వెలుగు చొరే రంధ్రం) ఎఫ్6.3 కన్నా పెద్దగా తెరుచుకోదు, కాబట్టి ఎగిరే పిట్టకి 1/1600 సెకను షటర్ స్పీడ్ కావాలంటే తెల్లవారుజామున ఐఎస్ఓ (వెలుగుకి సున్నితత్వం) బాగా పెంచాల్సి వస్తుంది. నాయిస్ (ఫొటోలో గరుకు చుక్కలు) వస్తుంది, వచ్చినా పర్లేదు. కదిలిపోయిన ఫొటోని ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా బాగుచేయదు.

200–500 బరువు 2.3 కిలోలు. ఈ బడ్జెట్‌లో దాని ఊసే వద్దు.

మిర్రర్‌లెస్_మామ:
అసలు ఇప్పుడు డీఎస్ఎల్ఆర్ (మీ డి5600 లాంటి అద్దం ఉన్న కెమెరా) లెన్సులు కొనడమెందుకు? ఉన్నది అమ్మేసి నికాన్ మిర్రర్‌లెస్ వరుస జెడ్ మౌంట్‌కి వెళ్ళిపోండి. 2018లో అది వచ్చింది, ఇప్పుడు కంపెనీ ధ్యాసంతా దాని మీదే.

లెన్సుపిచ్చోడు:
మామా, ఆయనకున్నది నలభై వేలు. బాడీ కొనేసరికే అది అయిపోతుంది, మళ్ళీ కిట్ లెన్స్‌తోనే కూర్చోవాలి. 35జి, ఏఎఫ్-పి 70–300 రెండూ ఎఫ్‌టీజెడ్ మీద ఆటోఫోకస్‌తో పనిచేస్తాయి. ఇప్పుడు పెట్టిన డబ్బు ఎక్కడికీ పోదు.

కోఠి_షటర్:
అన్నా, 35 సెకండ్ హ్యాండ్ తీసుకుంటే చాలా మిగులుతది. హైదరాబాద్ వస్తే కోఠి గుజరాతీ గల్లీలో రెండు మూడు షాపులు తిరిగి ధర అడుగు, మొదటి షాపులోనే తీసుకోకు. ఫోన్ టార్చ్ వెనక నుంచి వేసి ముందు గాజులోంచి చూడు. జి లెన్స్ బాడీ నుంచి తీస్తే అపర్చర్ మూసుకునే ఉంటది, వెనక చిన్న మీట ఉంటది, దాన్ని వేలితో జరిపి తెరిచి చూడాలె. అట్ల తెరవకుంటే ఫంగస్ కనబడదు. సాలెగూడు పోగుల్లాంటివి ఉంటే ఎంత తగ్గించినా వద్దు. సన్నటి దుమ్ము రెండు మూడు చుక్కలుంటే ఫర్వాలేదు, ఫొటోలో రాదు. మీట వదిలితే అపర్చర్ రెక్కలు టక్కున మూసుకోవాలె, నెమ్మదిగా కదిలితే ఆయిల్ పట్టిందని లెక్క. బిల్లు మీద సీరియల్ నంబరూ లెన్స్ మీద నంబరూ ఒకటేనా చూసుకో.

విశాఖ_ఉప్పుగాలి:
సముద్రం పక్కన ఉండేవాళ్ళు ట్రైపాడ్ కన్నా ముందు కొనాల్సింది గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్, తేమ పీల్చే సిలికా జెల్ గింజలు. మొత్తం కలిపినా పెద్ద ఖర్చు కాదు. తేమ 40–50 శాతం మధ్య ఉంచండి. నీలం గింజలు గులాబీ రంగుకి తిరిగితే వేడిచేసి మళ్ళీ వాడుకోవచ్చు గానీ, వాటిలో కోబాల్ట్ ఉంటుంది, వంట మూకుడులో మాత్రం వేయించకండి. లెన్సుని తోలు సంచిలో వానాకాలమంతా వదిలేయడం అన్నిటికన్నా చెడ్డ పని. ఏసీ గదిలోంచి తీసి నేరుగా బయట ఉక్కలోకి తెస్తే గాజు మీద ఆవిరి పడుతుంది, సంచి జిప్పు తీయకుండా కాసేపు ఆగండి.

కాకినాడ_క్లిక్:
అందరికీ థాంక్స్. 50 వద్దని ఆయనకి చెప్పేశాను. 35 సెకండ్ హ్యాండ్, 70–300 వీఆర్ కొత్తది, అలా అనుకుంటున్నాను. ఫిల్టర్ ఏ సైజు తీసుకోవాలి? ట్రైపాడ్ చౌకది చాలా?

గూడబాతు_గుంటూరు:
35కి 52ఎంఎం, మీ 18–55కి 55, 70–300కి 58. మూడు సీపీఎల్‌లు (మెరుపు తగ్గించే పోలరైజర్ ఫిల్టర్లు) కొనక్కర్లేదు. 58 ఒకటి మంచిది కొని, చిన్న లెన్సులకి అదే పట్టేలా 52–58, 55–58 స్టెప్-అప్ రింగులు తీసుకోండి. రింగు పెట్టినప్పుడు చిన్న లెన్సుకి హుడ్ (ఎండ పడకుండా ముందు తగిలించే తొడుగు) పట్టదు, అదొక్కటే ఇబ్బంది. సీపీఎల్ ఒకటి రెండు స్టాపుల వెలుగు (ఒక్కో స్టాపుకి సగం) మింగేస్తుంది, పిట్టలకి వెళ్ళేటప్పుడు తీసేయండి.

ట్రైపాడ్ ఇప్పుడే వద్దు. కోరింగ చెక్కబాట మీద పక్కన ఎవరు నడిచినా ట్రైపాడ్ ఊగుతుంది. బీన్ బ్యాగ్ కుట్టించుకుని కమ్మీ మీద పెట్టుకోండి. అందులో బియ్యం పోస్తే కదలదు గానీ మోయలేరు, మా వాళ్ళు ఊక పోస్తారు.

కోఠి_షటర్:
70–300 డబ్బాలో హుడ్ రాకపోవచ్చు అన్నా, ధర మాట్లాడేటప్పుడే అది కూడా కలిపి అడుగు. డబ్బా మీద దిగుమతిదారు పేరు, ఎంఆర్‌పీ స్టిక్కర్ ఉన్నాయా చూసి, జీఎస్టీ బిల్లు తీసుకో. బిల్లు లేకుంటే రెండు వేలు తగ్గిస్తా అంటరు, వారంటీ పోతది.