అప్‌డేట్: ట్రాక్ ల్యాప్‌టాప్ కలిపితే స్పీకర్లలో వచ్చే గుయ్‌మనే మోత ఆగింది

ఈ మోత ఎలా ఆపాలని పోయిన నెల ఇక్కడ అడిగింది నేనే. మా బస్తీలోని మూడు పేద కుటుంబాల కోసం హన్మకొండలో పాటల ప్రోగ్రాం పెట్టుకున్నాం, పైసా తీసుకోకుండా వాయించేవాళ్లమే అందరం. పాటల ట్రాకులున్న ల్యాప్‌టాప్‌ను మిక్సర్‌కు (మైకులు, వాయిద్యాల సౌండ్ అంతా కలిపి స్పీకర్లకు పంపే పెట్టె) కలపగానే గుయ్‌మని ఒకటే మోత. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

కేబుళ్లు మార్చాను, 600 రూపాయలు దండగ. మిక్సర్‌లోనూ లోపం లేదు. కాజీపేట నుంచి వచ్చిన సౌండ్ అన్న ఏమీ మాట్లాడకుండా ల్యాప్‌టాప్ చార్జర్ పీకాడు. మోత బంద్! చార్జర్ స్టేజీకి ఒక వైపు సాకెట్‌లో, మిక్సర్ ఇంకో వైపు సాకెట్‌లో ఉన్నాయి. రెండు ఎర్తింగుల మధ్య తేడాతో ఆడియో కేబుల్ గుండా కరెంటు పారుతుందట, 50 హెర్ట్జ్ (మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగే లెక్క) మోత అదే. రెండూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టాం, సరిపోయింది. ఇక్కడ ఒకరు మొదట్లోనే చెప్పిన మాట ఇది, నేనే పట్టించుకోలేదు.

మోత పోవడానికి ప్లగ్‌లోని ఎర్త్ పిన్ తీసేయమన్న సలహా మాత్రం ఎవరూ పాటించకండి. మైకు పట్టుకునేది చిన్నపిల్లలు, షాక్ కొడితే?

ప్రోగ్రాం రాత్రి 10 లోపే ముగించాం. డోలక్ తమ్ముడి వేళ్లకు బొబ్బలు. చందాల డబ్బాలో ఎక్కువగా పది రూపాయల నోట్లే, లెక్కపెట్టేసరికి అర్ధరాత్రి దాటింది. మూడిళ్లకూ రెండు నెలల బియ్యం, పిల్లల ఫీజులు వెళ్లాయి.