లక్షద్వీప్‌లో 2020 డిసెంబర్ సడలింపు: తప్పా, తప్పనిసరా?

కాకినాడ రావుడు:
ఆఫీసులో లక్షద్వీప్ టూర్ మాట వచ్చి ఈ గొడవ లేచింది, ఇక్కడ పెడుతున్నా. 2020లో దేశమంతా కొవిడ్‌తో అల్లాడుతుంటే అక్కడ ఏడాది పొడుగునా ఒక్క కేసు లేదు. వెళ్లేవాళ్లు ముందు కొచ్చిలో క్వారంటైన్‌లో ఉండి, టెస్టు చేయించుకుని ఓడెక్కాలి. దిగాక మళ్లీ కొన్నాళ్లు విడిగా ఉండాలి. డిసెంబర్‌లో ప్రఫుల్ ఖోడా పటేల్ అడ్మినిస్ట్రేటర్‌గా వచ్చాక అదంతా తీసేశారు. 48 గంటల లోపు చేయించిన ఆర్‌టీపీసీఆర్ నెగెటివ్ ఉంటే చాలన్నారు. 2021 జనవరి 18న మొదటి కేసు బయటపడింది, కొచ్చి నుంచి ఓడలో వచ్చిన మనిషికి. ఇది చేజేతులా తెచ్చుకున్న తంటా అంటాను. మీరేమంటారు?

బ్యాక్‌ప్యాక్ బాబు:
అన్నా, ఎన్నాళ్లని మూసి కూర్చుంటారు? అక్కడి పిల్లలు కేరళలో చదువుకుంటారు. పెద్ద జబ్బు చేస్తే కొచ్చికే పరుగెత్తాలి. బియ్యం, కూరగాయలు కూడా అటునుంచే రావాలి. వెళ్లిన ప్రతిసారీ వారాలు పోగొట్టుకుంటే కూలి చేసుకునేవాడు ఏం తినాలి? ఎక్కడో కూర్చుని "మూసేయండి" అనడం తేలిక.

డాక్టరమ్మ:
బాబూ, మూసేయమని ఎవరూ అనలేదు. రాకపోకలు అంతకుముందూ ఉన్నాయి, మధ్యలో క్వారంటైన్ ఉండేది, అంతే. టెస్టు నెగెటివ్ అంటే ఆ రోజుకు ముక్కులో వైరస్ దొరకలేదని మాత్రమే. రెండు రోజుల క్రితం అంటుకున్నవాడికీ నెగెటివ్ రావచ్చు. శాంపిల్ ఇచ్చాక ఓడెక్కేలోపు హోటల్లోనో ఆటోలోనో అంటుకోవచ్చు. అలాంటివాళ్లు బయటపడేది క్వారంటైన్‌లోనే. కొచ్చిలో కేసులు జోరుగా ఉన్న రోజుల్లో క్వారంటైన్‌ను తీసేసి టెస్టుతో సరిపెట్టారు. నాకు మింగుడుపడనిది అదే.

లెక్కల మాస్టారు:
ఆవేశం సరే, అంకెలు చూద్దాం. లక్షద్వీప్ జనాభా 2011 లెక్కల్లో 64 వేల పైచిలుకు. అధికారిక లెక్క ప్రకారం మొత్తం కేసులు సుమారు 11,400, మరణాలు 52. అంటే వెయ్యికి 0.8. పక్కనే కేరళలో 70 వేలకు పైగా మరణాలు, వెయ్యికి రెండు దాకా వస్తుంది. ఇక అండమాన్: 2020 మార్చి నుంచే కేసులున్నాయి, జనాభా 3.8 లక్షలు, మరణాలు 129. వెయ్యికి 0.34. ఏడాది కాపాడుకున్న లక్షద్వీప్ కంటే మొదట్నుంచీ కొవిడ్ ఉన్న అండమాన్‌లోనే నిష్పత్తి తక్కువ! మరి రావుడు గారూ, మూసి ఉంచి సాధించిందేమిటి?

పోర్ట్‌బ్లెయిర్ తెలుగోడు:
మాస్టారూ, మా లెక్క మీరు తీశారు కాబట్టి చెబుతా. (ఊరి పేరు శ్రీ విజయపురం అయింది లెండి, నోటికింకా రావడం లేదు.) మా తాతలది శ్రీకాకుళం. ఇక్కడ తెలుగు మాట్లాడేవాళ్లు నూటికి పదమూడు మంది దాకా ఉన్నారు, జంగ్లీఘాట్‌లో చేపల పని చేసేవాళ్లలో మనవాళ్లే ఎక్కువ. లాక్‌డౌన్‌లో విశాఖ ఓడ ఆగిపోతే అటు చిక్కుకున్నవాళ్లు అటే, ఇటు చిక్కుకున్నవాళ్లు ఇటే. అయినవాళ్లు పోయినా కడచూపు లేదు. కాబట్టి తెరవాలన్నవాళ్ల బాధ నాకు తెలుసు.

కానీ 129 అనగానే సరిపోదు. 2020 ఆగస్టులో ఇక్కడి ఆదివాసీ తెగ గ్రేట్ అండమానీస్‌లో పది మందికి కొవిడ్ వచ్చింది. ఆ జాతి మొత్తం యాభై మంది చిల్లర. అందరూ కోలుకున్నారు కాబట్టి మీ అంకెల్లో అది కనబడదు. బ్రిటిష్‌వాళ్ల కాలంలో పొంగు, సుఖరోగాలు సోకి వేలల్లో ఉన్న జాతి పిడికెడు మందికి వచ్చింది. దీవి అంటే ఒక్క గేటు కాదు. పోర్ట్‌బ్లెయిర్‌కు ఒక రూలు, ఆ జాతివాళ్లుండే స్ట్రెయిట్ ఐలాండ్‌కు ఒక రూలు ఉండాలి. జారవా తెగవాళ్ల అడవి మధ్య నుంచి పోయే ట్రంక్ రోడ్డు సంగతి ఎత్తితే ఇంకో థ్రెడ్ పెట్టాలి.

బ్యాక్‌ప్యాక్ బాబు:
లక్షద్వీప్‌లో అలాంటి తెగలు లేవుగా. పైగా డెల్టా రకం వైరస్ ఎలాగూ వచ్చేదే.

డాక్టరమ్మ:
వచ్చేదే. ఎప్పుడు వస్తుందన్నదే ప్రశ్న. మాస్టారి లెక్కకూ జవాబు అందులోనే ఉంది. టీకా మొదలైంది 2021 జనవరి 16న, అక్కడ మొదటి కేసు 18న. రెండు రోజులే తేడా! 60 దాటినవాళ్లకు మార్చి 1 నుంచి, 45 దాటినవాళ్లందరికీ ఏప్రిల్ 1 నుంచి ఇచ్చారు. 64 వేల జనం, పది దీవులు. ముసలివాళ్లకు రెండు డోసులు పడేదాకా ఆ క్వారంటైన్ ఉంచితే ఏం పోయేది? ఏడాది ఓపిక పట్టినవాళ్లను ఇంకో నాలుగైదు నెలలు అడగలేమా? న్యూజిలాండ్ జనానికి టీకాలు వేశాకే, 2022లో గేట్లు తీసింది. పంట కోతకొచ్చాక కంచె పీకినట్టుంది వీళ్ల పని.

లెక్కల మాస్టారు:
తేదీల మాట ఒప్పుకుంటా, బలమైన పాయింటే. న్యూజిలాండ్ పోలిక మాత్రం ఒప్పుకోను. వాళ్లకు సొంత ఆసుపత్రులు, సొంత తిండి ఉన్నాయి. లక్షద్వీప్ రాజధాని కవరత్తిలో పరిస్థితి విషమిస్తే హెలికాప్టర్‌లో కొచ్చికి తీసుకెళ్లాలి.

డాక్టరమ్మ:
అందుకే కదా కంచె ఇంకా గట్టిగా ఉండాలనేది!

కాకినాడ రావుడు:
నడిమధ్య మార్గం ఒకటి అడుగుతా. రోగులకు, విద్యార్థులకు క్వారంటైన్ ఖర్చు సర్కారే పెట్టుకుని రోజులు తగ్గించి, పనుల మీద వచ్చే బయటివాళ్లకు పాత నిబంధనే ఉంచితే?

బ్యాక్‌ప్యాక్ బాబు:
ఆ మొదటి కేసు టూరిస్టు కాదన్నా, డ్యూటీకి వచ్చిన పోలీసు జవాను. ఆయన్ని ఏ లిస్టులో వేస్తారో చెప్పండి ముందు.