బాపుకు పెద్దపేగు క్యాన్సర్ వచ్చింది, నేను ఇప్పుడు ఏం మార్చుకోవాలి?

ఎనుమాముల గుమాస్తా:

అందరికీ నమస్తే. మాది వరంగల్. ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో గుమాస్తాగా చేస్తున్నాను. వయసు 41. పోయిన వానకాలం మా బాపుకు పెద్దపేగు క్యాన్సర్ అని తేలింది. ఆయనకు 63. చాలా రోజులుగా విరేచనంలో రక్తం పడుతుంటే మొలలు అనుకున్నాం. ఊళ్లో ఒకాయన దగ్గర మొలల మందు కూడా తీసుకున్నాడు. నీరసం మరీ ఎక్కువై రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7 ఉంది. అక్కడి నుంచి పెద్దపేగు లోపల కెమెరాతో చూసే కొలనోస్కోపీ, ముక్క తీసి ల్యాబ్‌లో చూసే బయాప్సీ, హైదరాబాద్‌లో ఆపరేషన్. ఇప్పుడు కీమో నడుస్తోంది. మనిషి కొంచెం తేరుకున్నాడు.

ఇక నా సంగతి. మిర్చి సీజన్‌లో తెల్లారకముందే యార్డులో ఉండాలి. ఆ రోజు ధర తేల్చే జెండా పాట అయ్యాక కాంటాల దగ్గర కాసేపు నిలబడతాను, మిగతా రోజంతా కూర్చుని తక్‌పట్టీలు, అంటే రైతుల సరుకు లెక్కల చీటీలు రాయడమే. పొద్దున చాయ్, సమోసాలు. మధ్యాహ్నం డబ్బాలో తెల్లన్నం, పప్పు. ఇంటికి చేరేసరికి రాత్రి తొమ్మిది, అప్పుడు కడుపునిండా తిని పడుకోవడం. ఆదివారం మటన్ ఖాయం, అప్పుడప్పుడు బోటి. దావత్ ఉంటే మందు. సిగరెట్లు రోజుకు నాలుగైదు. బరువు 84 కిలోలు, పొట్ట బాగానే ఉంది.

రోజూ ఏం తింటే ఇది నాకు రాకుండా ఉంటుంది? ఇంకోటి, మా ఇంట్లో కారం చాలా ఎక్కువ. బాపుకు మిరపకాయ తొక్కు లేనిదే ముద్ద దిగదు. దానివల్లే పేగు పాడైందని బంధువులు అంటున్నారు. నిజమేనా? యూట్యూబ్‌లో ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్తున్నారు, చూసిన కొద్దీ టెన్షన్ పెరుగుతోంది.

ప్రకృతి బాట:

తమ్ముడూ, రోగాలన్నీ పేగులోనే పుడతాయి. పదిహేను రోజులకోసారి ఆముదం తాగి పేగులు శుభ్రం చేసుకో. పరగడుపున గోరువెచ్చని నీళ్లలో పసుపు, తేనె. మైదా ముట్టకు. ఈ కొలనోస్కోపీలు అవీ డబ్బులు గుంజే పనులు, వాటి జోలికి పోకు.

సుబేదారి సిస్టర్:

తమ్ముడూ, నేను స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. చివరి ఏళ్లన్నీ ఎండోస్కోపీ గదిలోనే గడిచాయి. డాక్టర్‌ను కాను, నీ విషయం తేల్చాల్సింది మీ గ్యాస్ట్రో డాక్టరే. ఆ గది బయట బెంచీ మీద కూర్చున్న కొడుకులు, బిడ్డలు అందరూ నీలాగే అడిగేవారు, ఏం తినాలి సిస్టర్ అని. తిండి దగ్గరికి తర్వాత వస్తాను. ముందు నీ వయసు సంగతి చూద్దాం.

అమ్మానాన్నల్లో గానీ తోడబుట్టినవాళ్లలో గానీ ఒకరికి పెద్దపేగు క్యాన్సర్ వస్తే, మిగతావాళ్లు 40 ఏళ్లకు, లేదంటే ఆ మనిషికి జబ్బు బయటపడిన వయసుకు పదేళ్ల ముందు, ఈ రెండింట్లో ఏది ముందొస్తే అప్పుడు కొలనోస్కోపీ చేయించుకోవాలని డాక్టర్లు చెప్తారు. మీ బాపుకు 63లో తేలింది కాబట్టి నీకు 40 లెక్క. నీకు 41 నిండాయి. కాబట్టి జొన్నరొట్టె కన్నా, వాకింగ్ బూట్ల కన్నా ముందు నువ్వు చేయాల్సిన పని అపాయింట్‌మెంట్ తీసుకోవడం.

ఎందుకో కూడా చెప్తాను, లేకపోతే వాయిదా వేస్తావు. ఈ క్యాన్సర్‌లో ఎక్కువ భాగం పేగు లోపలి గోడ మీద లేచే చిన్న బొడిపెతో మొదలవుతుంది. దాన్ని పాలిప్ అంటారు. చాలా పాలిప్స్ ఏ గొడవా చేయవు. కొన్ని మాత్రం పదేళ్లో ఇంకా ఎక్కువో తీసుకుని క్యాన్సర్‌గా మారతాయి. కెమెరాతో చూసేటప్పుడు పాలిప్ కనిపిస్తే సన్నని వైరు ఉచ్చు బిగించి అప్పుడే కోసేసి బయాప్సీకి పంపుతారు. అంటే ఇది జబ్బును కనిపెట్టే పరీక్షే కాదు, రాకముందే ఆపే పని కూడా. ఇంకో సంగతి, మన దగ్గర ప్రభుత్వం చేసే క్యాన్సర్ స్క్రీనింగ్‌లో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం ఉన్నాయి, పెద్దపేగు లేదు. ఆశా కార్యకర్త వచ్చి గుర్తు చేస్తుందని ఎదురుచూడొద్దు.

ఆముదం చెప్పిన అన్నకు ఒక మాట. పాలిప్ పేగు గోడలోంచే పెరుగుతుంది, విరేచనాలతో కొట్టుకుపోదు. మాటిమాటికీ ఆముదం తాగితే ఒంట్లో నీళ్లు, లవణాలు పడిపోతాయి. బీపీ, షుగర్ మాత్రలు వేసుకునే పెద్దవాళ్లు ఇలా చేసి కళ్లు తిరిగి పడిపోతే సెలైన్లు పెట్టిందాన్ని నేను. పసుపు కూరలో వేసుకోండి, కానీ దాన్ని నమ్ముకుని పరీక్ష మానొద్దు. ఇసబ్‌గోల్ కూడా అంతే, మలబద్ధకానికి మంచిదే గానీ పాలిప్స్‌ను ఆపుతుందని తేలలేదు.

కారం గురించి అడిగావు. పెద్దపేగు క్యాన్సర్‌కు కారణాలని అంతర్జాతీయ సంస్థలు చెప్పిన వాటిలో మిర్చి లేదు. మొలలు ఉన్నవాళ్లకు మండుతుంది, అసిడిటీ ఉన్నవాళ్లకు ఇబ్బంది, అంతవరకే. మీ బాపు తొక్కు తిన్నందుకు జబ్బు తెచ్చుకున్నాడని ఇంట్లో ఎవరూ అనకుండా చూడు. కీమోలో ఉన్న మనిషి ఆ మాట పడాల్సిన పని లేదు.

ఇప్పుడు నీ రోజు చూద్దాం. నువ్వు రాసిన దాంట్లో నాకు ముందు కనిపించింది మటన్ కాదు. సిగరెట్, మందు, పొట్ట, రోజంతా కూర్చోవడం. ఈ నాలుగూ పెద్దపేగు క్యాన్సర్ ముప్పును పెంచేవే. పొట్ట చుట్టూ కొవ్వు పేరుకుంటే రక్తంలో ఇన్సులిన్ ఎక్కువగా తిరుగుతుంది, ఒంట్లో సన్నని వాపు గుణం ఎప్పుడూ ఉంటుంది, పేగు గోడలోని కణాలు అనవసరంగా విభజన చెందడానికి రెండూ తోడవుతాయి. మందు విషయంలో ఇంత వరకు పర్వాలేదని చెప్పే హద్దు లేదు. ఆల్కహాల్ ఒంట్లో అసిటాల్డిహైడ్‌గా మారుతుంది, అది కణాల్లోని డీఎన్ఏను దెబ్బతీస్తుంది. బ్రాండ్ ఏదైనా కథ అదే. సిగరెట్ అనగానే అందరికీ ఊపిరితిత్తులే గుర్తొస్తాయి, పేగులో పాలిప్స్ లేవడానికి కూడా అది కారణమే.

నడక గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి 150 నుంచి 300 నిమిషాలు, కొంచెం ఆయాసం వచ్చేంత వేగంతో. సీజన్‌లో పొద్దున్నే నీకు కుదరదు. మరి యార్డులోనే నడువు. ఎనుమాముల యార్డు ఏమన్నా చిన్నదా! మిర్చి షెడ్ల నుంచి పత్తి యార్డు దాకా ఫోన్ మాట్లాడుతూ వెళ్లి రా. సీజన్ లేనప్పుడు భద్రకాళి బండ్ ఎలాగూ ఉంది, కానీ అక్కడికి వచ్చి బెంచీ మీద కూర్చుని సెల్ఫీలు దిగేవాళ్లే ఎక్కువ అనుకో.

కాజీపేట గార్డు సాబ్:

సిస్టర్ చెప్పింది అక్షరాలా నిజం. నేను రైల్వేలో గూడ్స్ గార్డుగా చేశాను. మా అన్నకు ఈ జబ్బు వచ్చాక నాకు కొలనోస్కోపీ చేశారు. పాలిప్ దొరికింది, తీసేశారు, క్యాన్సర్ లేదు. మళ్లీ ఎప్పుడు రావాలో బయాప్సీ రిపోర్టు చూసి చెప్పారు.

తమ్మీ, పరీక్షకు భయపడకు. అసలు కష్టమంతా ముందురోజే. అన్నం బంద్, నీళ్లలాంటివి మాత్రమే తాగాలి. ఒక పౌడర్ ఇస్తారు, దాన్ని లీటర్లకు లీటర్లు నీళ్లలో కలిపి తాగాలి. ఉప్పు ఉప్పుగా ఉంటుంది, నాకైతే సముద్రం తాగినట్టే అనిపించింది. ఫ్రిజ్‌లో పెట్టి చల్లగా తాగితే కాస్త నయం. ఆ రోజు బాత్‌రూమ్ మీదే, ఇంట్లో వాళ్లకు ముందే చెప్పెయ్. పరీక్ష రోజు మత్తు ఇస్తారు, లేచేసరికి అయిపోతుంది. బండి మీద ఒక్కడివే వెళ్లకు, మత్తు దిగేదాకా నడపనివ్వరు. రక్తం పల్చబడే మాత్రలు, ఐరన్ మాత్రలు వాడుతుంటే ముందే డాక్టర్‌కు చెప్పాలి.

సిగరెట్ నేను కూడా తాగేవాణ్ణి. డ్యూటీ మానేశాక అదీ మానేశాను. ఆ మానేయడం గురించి ఎవరైనా అడిగితే వేరే థ్రెడ్ పెట్టాలి, అంత ఉంది.

కరీంనగర్ కోడలు:

అన్నా, తిండి సంగతి నేను చెప్తా, మా అత్తమ్మకు షుగర్ వచ్చినప్పటి నుంచి ఇంట్లో ఇదే పని. పప్పు మంచిదే, కానీ మీ డబ్బాలో కూరగాయ కనిపించలేదు. రోజుకు 400 గ్రాముల కూరగాయలు, పండ్లు తినమంటారు. మనవాళ్లు గుప్పెడు కూరకు గిన్నెడు అన్నం కలుపుతారు. దాన్ని తిరగేయాలి, పళ్లెంలో సగం కూర ఉండాలి. పుంటికూర, పాలకూర, తోటకూర వేసి పప్పు వండితే రెండు పనులూ ఒక్కసారే అయిపోతాయి. బీరకాయ, సొరకాయ, చిక్కుడు ఏది చవకగా ఉంటే అది.

రాత్రి అన్నం బదులు జొన్నరొట్టె. మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికల్లో 100 గ్రాముల జొన్నల్లో పీచు సుమారు 10 గ్రాములు, పాలిష్ బియ్యంలో 3 గ్రాముల లోపే. రొట్టె చేయడం రాదంటే మక్క గటక, జొన్న గటక వండుకోవచ్చు, దానికి చేతులు తిరగాల్సిన పని లేదు. సమోసాల టైంకు ఉడికించిన గుడాలు. మా ఇంట్లో శనగలు, పెసర్లు, బొబ్బర్లు మార్చి మార్చి రాత్రి నానబెడతాను. ఒక్కసారిగా పీచు పెంచితే మాత్రం గ్యాస్‌తో ఊరంతా లేస్తుంది, మెల్లమెల్లగా పెంచండి, నీళ్లు తాగండి.

ఎనుమాముల గుమాస్తా:

సిస్టర్, గార్డు సాబ్, చెల్లె, అందరికీ చాలా థ్యాంక్స్. బాపును చూసే డాక్టర్‌నే అడిగాను, నీకు కూడా చేయాలి అన్నాడు, డేట్ ఇచ్చాడు.

రెండు డౌట్లు మిగిలాయి. మటన్ పూర్తిగా మానాలా? మా ఇంట్లో దసరాకు యాటను కోస్తే మిగిలిన మాంసం ఒట్టితునకలు చేసి దాచుకుంటాం. మా ఆవిడ పిల్లలకు ఫ్రీజర్‌లోని చికెన్ సాసేజ్‌లు కూడా తెస్తుంది. ఇక కల్లు, అదీ మందు కిందికే వస్తుందా? చెట్టు నుంచి దించింది కదా, మంచిదే అంటారు.

మా తమ్ముడికి 36, సిరిసిల్లలో ఉంటాడు. చెల్లెకు 38. వాళ్లకు నలభై దాకా ఆగమని చెప్పొచ్చా? మా ఇంట్లో పెద్దగా క్యాన్సర్ చరిత్ర ఏమీ లేదు. బాపు వాళ్ల అక్క ఒక్కతే గర్భసంచి క్యాన్సర్‌తో పోయింది, అప్పటికి ఆమెకు యాభై కూడా లేవు. అది వేరే జబ్బు కదా.

సుబేదారి సిస్టర్:

మటన్ మానక్కర్లేదు. మేక, గొర్రె, పశువు, పంది, ఇవన్నీ ఎర్ర మాంసం. కోడి, చేప ఆ లెక్కలోకి రావు. ఎర్ర మాంసం వారానికి వండిన తర్వాత తూకంలో 350 నుంచి 500 గ్రాములు దాటకుండా చూసుకోమంటారు. మీ ఆదివారం కూర నలుగురూ పంచుకుంటే అందులోనే సరిపోతుంది. అదే కూర సోమవారం, మంగళవారం కూడా నడిస్తే లెక్క తప్పుతుంది. బొగ్గుల మీద మాడేదాకా కాల్చడం కన్నా ఉడికించి వండుకోవడం మేలు.

సాసేజ్‌లు, సలామీలు వేరే. ఉప్పేసి, పొగబెట్టి, రసాయనాలు కలిపి నిలవ ఉంచే మాంసాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో చేర్చింది. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని లెక్కగట్టింది. అంటే వందలో 18 మందికి వస్తుందని కాదు, మామూలుగా ఉండే ముప్పు మీద అంత పెరుగుదల అని. చికెన్‌తో చేసినా సాసేజ్ నిలవ మాంసమే, పిల్లలకు రోజువారీ తిండి చేయొద్దు. ఒట్టితునకలు కూడా ఉప్పు పట్టించి ఎండబెట్టేవే, వాటినీ నేను ఇందులోనే వేస్తాను. దసరా తర్వాత ఒకసారి రుచి చూడ్డానికి ఎవరూ అడ్డు చెప్పరు.

కల్లు మందే. పొద్దున దించింది సాయంత్రానికి ఇంకా పులుస్తుంది, ఆల్కహాల్ పెరుగుతుంది. చెట్టు నుంచి వచ్చినా పేగుకు ఆల్కహాల్ ఆల్కహాలే.

ఇక మీ మేనత్త సంగతి. నువ్వు మామూలుగా రాసేశావు గానీ, డాక్టర్‌కు అందరికన్నా ముందు చెప్పాల్సింది అదే. లించ్ సిండ్రోమ్ అని ఒకటుంది. కొన్ని కుటుంబాల్లో ఒక జన్యులోపం తరం నుంచి తరానికి దిగుతుంది, అది ఉన్నవాళ్లకు పెద్దపేగు క్యాన్సర్, ఆడవాళ్లకైతే గర్భసంచి క్యాన్సర్ కూడా, మామూలు కన్నా చిన్న వయసులో రావచ్చు. మీ ఇంట్లో అదే ఉందని నేను అనట్లేదు. మీ బాపుది 63, ఆ వయసులో ఊరికే కూడా వస్తుంది. కానీ యాభై లోపు అక్కకు గర్భసంచి, తమ్ముడికి పెద్దపేగు అంటే డాక్టర్ అడిగి తీరతాడు.

ఈ లోపం జాడ ఉందేమో చూడ్డానికి మీ బాపు ఆపరేషన్‌లో తీసిన గడ్డ మీద ఎంఎంఆర్ అనే పరీక్ష చేశారా, లేదా అలాంటిదే ఎంఎస్ఐ అని ఏమన్నా రాసి ఉందా, బయాప్సీ రిపోర్టులో చూడు. చేయకపోతే ఆ గడ్డ ముక్క ల్యాబ్‌లో మైనపు దిమ్మలో భద్రంగా ఉంటుంది, ఇప్పుడైనా చేయొచ్చు. అందులో తేడా వస్తే రక్తంతో జన్యుపరీక్ష చేయమంటారు. లించ్ అని తేలితే మీ తమ్ముడికి, చెల్లెకు నలభై దాకా ఆగే లెక్క వర్తించదు. వాళ్లలో ఆ లోపం ఎవరికి ఉంటే వాళ్లకు ఇప్పటి నుంచే ఏడాదికో రెండేళ్లకో కొలనోస్కోపీ ఉంటుంది, చెల్లెకు గర్భసంచి సంగతి కూడా చూస్తారు. కాబట్టి ఆ రిపోర్టు తేలేదాకా వాళ్లకు ఆగమని చెప్పకు. విరేచనంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, మోషన్ తీరు మారడం కనిపిస్తే మొలలు అనుకోకుండా వెంటనే వెళ్లమను.

డిశ్చార్జి సమ్మరీ, బయాప్సీ రిపోర్టు జిరాక్స్ తీయించి ముగ్గురి దగ్గరా తలో కాపీ పెట్టండి. మేనత్త పాత కాగితాలు ఆమె పిల్లల దగ్గర దొరుకుతాయేమో అడుగు, వాళ్లకు కూడా ఈ సంగతి తెలియాలి కదా.