సగంలో ఆగిన టేకు వర్క్‌బెంచి: పూర్తిచేసి అమ్మాలా, ఉన్నదున్నట్టు అమ్మాలా?

ప్రశ్న (ఉప్పల్, హైదరాబాద్)

అందరికీ నమస్కారం. వచ్చే నెల నాకు పుణె బదిలీ. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో సగం చేసిన వర్క్‌బెంచి, అంటే చెక్కపని చేసుకునే బల్ల, ఉంది. అక్కడికి మోసుకెళ్లే ఓపిక లేదు, పెట్టుకునే చోటూ లేదు. ఇక్కడే వదిలేద్దామంటే అసోసియేషన్ వాళ్లు ఇప్పటికే గుర్రుగా ఉన్నారు.

పని ఎంతవరకు వచ్చిందంటే: పైబల్ల 6 అడుగుల పొడవు, 24 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల మందం. 12 అంగుళాల చొప్పున రెండు ముక్కలుగా ఫెవికాల్‌తో అతికించాను. ఆ రెండింటినీ ఇంకా కలపలేదు. కాళ్లు నాలుగు, 4×4, ఒక్కొక్కటి 33 అంగుళాలు. అడ్డపట్టీలకు బెజ్జాలు రెండు కాళ్లకే తొలిచాను. పట్టీలు 2×5 సైజులో కోసి ఉన్నాయి. చెక్కను కదలకుండా బిగించిపట్టే వైస్, 9 అంగుళాలది, డబ్బాలోంచి తియ్యనే లేదు.

అంతా టేకే. సీఎఫ్‌టీ (ఘనపుటడుగు) 2,800 చొప్పున ఆరున్నర సీఎఫ్‌టీ కొన్నాను, 18,200 అయింది, కలప డిపో బిల్లు ఉంది. వైస్ 4,500. ఎంతకు పెట్టమంటారు? 20,000 అడిగితే అత్యాశా? ఉన్న కాస్త టైములో పూర్తిచేసేస్తే ఎక్కువ వస్తుందా? అసలు ఇలాంటిది కొనేవాళ్లు ఉంటారా?

జవాబు (విజయవాడ)

మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను, ధర దాన్నిబట్టే ఉంటుంది.

వృత్తిగా వడ్రంగం చేసేవాళ్లు దీన్ని కొనరండీ. మన పాతకాలం వడ్రంగులు నేలమీద కూర్చుని, చెక్కను కాలితో తొక్కిపట్టి పనిచేసేవాళ్లు. ఇప్పటి సైటు పనివాళ్లు రెండు స్టాండ్లమీద ప్లైవుడ్ వేసుకుని, పని అయ్యాక మడిచి బండెక్కిస్తారు. వంద కిలోల బల్లతో వాళ్లకేం పని? మీ దగ్గర కొనేది మీలాంటివాడే, అంటే శని, ఆదివారాలు చెక్కపని చేసుకునే ఉద్యోగస్తుడు. హైదరాబాద్, బెంగళూరుల్లో అలాంటివాళ్లు బాగానే ఉన్నారు. వాళ్లకు పెద్ద తలనొప్పి కలప వెతకడం, ఎండిందో లేదో చూసుకోవడం, కోయించడం. అది మీరు చేసిపెట్టారు కాబట్టి దీనికి గిరాకీ ఉంటుంది.

ఇక లెక్క. మందం అంగుళాల్లో, వెడల్పు అంగుళాల్లో, పొడవు అడుగుల్లో వేసి హెచ్చించి 144తో భాగిస్తే సీఎఫ్‌టీ వస్తుంది. పైబల్ల 3×24×6 బై 144, అంటే 3. కాళ్లు నాలుగూ కలిపి 1.2 పైచిలుకు. పట్టీలు మరో 0.8 అనుకుందాం. మొత్తం 5. మీరు కొన్నది ఆరున్నర, చేతిలో ఉన్నది అయిదు. పోయిన ఒకటిన్నర పొట్టుకూ ముక్కలకూ కొనేవాడు డబ్బివ్వడు. మీ చెమటకు అసలే ఇవ్వడు.

అయిదు సీఎఫ్‌టీకి మీ రేటే వేసినా 14,000. పని సగంలో ఉంది గనక అందులో మూడోవంతు దాకా కోత పెడతారు. అంటే కలపకు తొమ్మిదిన్నర వేలు, పదివేలు. వాడని వైస్‌కు 3,500. నేనైతే 15,000కు పెట్టి, 13,000కు వస్తే ఇచ్చేస్తాను. 20,000 అంటే ఫోన్ కూడా మోగదు.

వైస్ మాత్రం బల్లకు బిగించకండి. ఎడమచేతి వాటం వాడైతే అటువైపు కావాలంటాడు. ఎత్తు గురించి ఎవరైనా అడిగితే కాళ్లు 33 అని చెప్పండి చాలు. నిటారుగా నిలబడి చెయ్యి కిందికి వదిలితే మణికట్టు మడత ఎక్కడికి వస్తుందో అక్కడికి బల్ల పైభాగం ఉండాలన్నది ఒక పద్ధతి. ఆ లెక్కన వాళ్లు కోసుకుంటారు. పొట్టి కాళ్లయితే చిక్కు, పొడుగు కాళ్లతో ఏ చిక్కూ లేదు.

జవాబు (హన్మకొండ)

అన్నా, నేను వడ్రంగి పని చేస్త. డిపోకు తీస్కపోయి అమ్ముదామని మాత్రం అనుకోకు. ఫెవికాల్ పెట్టి అతికించిన కలప వాళ్లు ముట్టరు, మళ్ల విడదీసుడు కాదు. కాళ్లు మూడడుగులు కూడా లెవ్వు. తలుపు చౌకట్‌కు ఏడడుగులు కావాలె, గంత చిన్న ముక్కకు మంచి రేటు ఎవరూ ఇయ్యరు. టేకైనా సరే పొట్టి ముక్కంటే ధర పడిపోతది.

ఒకవేళ బెంచి అని ఎవరూ రాకుంటే ఇంకో దారుంది. 12 అంగుళాల ముక్కలు రెండూ విడిగా ఉన్నయి కదా. ఒక్కొక్కటి ఇంటి ముంగట కూసునే బెంచికి సరిపోతది. ఉయ్యాలబల్లకు అడిగెటోళ్లు కూడా ఉంటరు. కానీ మూడంగుళాల మందం ఉయ్యాలకు ఎక్కువ, రెండుకు దింపాలె, ఆ మిషన్ ఖర్చు వాళ్ల మీద పడ్తది. అందుకే రెంటినీ కలిపి అతికించకు. విడిగా ఉంటెనే నీకు లాభం.

జవాబు (రాజమండ్రి)

నేను వేరేగా అంటాను. పూర్తిచేసే అమ్మండి. సగంలో ఉన్న వస్తువంటే జనానికి అనుమానం. ఏదో తేడా వచ్చే వదిలేశాడనుకుంటారు.

జవాబు (విజయవాడ)

రాజమండ్రి గారి మాటలో నిజం లేకపోలేదు. కానీ ఇల్లు మారే హడావుడిలో తొలిచిన బెజ్జం వదులైతే, ఇప్పుడున్న ధర కూడా రాదు. అనుమానం పోగొట్టడానికి ఒక దారి ఉంది. బెజ్జాలు తొలిచిన ఆ రెండు కాళ్లనూ వాటి పట్టీతో జిగురు లేకుండా బిగించి నిలబెట్టండి. ఆ అతుకు దగ్గర్నుంచి ఒక ఫోటో తీసి పెట్టండి. సందు కనపడకపోతే, మీ చేతిపని ఎలాంటిదో తెలిసినవాడికి ఆ ఒక్క ఫోటో చాలు.

అడిగినవారు (ఉప్పల్)

చాలా థ్యాంక్సండీ. 20,000 ఆశ వదిలేశాను. ఇంకో రెండు సంగతులు. పైబల్ల ముక్కల్లో ఒకటి కాస్త మెలి తిరిగినట్టు అనిపిస్తోంది. వానాకాలమంతా సెల్లార్‌లో గోడకు ఆనించి ఉంచాను. ఆ సంగతి చెప్పాలా, కొనేవాడు చూసుకుంటాడులే అని ఊరుకోవాలా? పైగా ఒక కాలి దగ్గర నేలమీద సన్నటి పొడి కనిపించింది.

జవాబు (విజయవాడ)

చెప్పాలి. ఊరికే "కొంచెం వంగింది" అంటే కాదు, ఎంతో కొలిచి చెప్పాలి. తిన్నగా ఉండే అల్యూమినియం పట్టీలు రెండు తీసుకోండి. పలకను చదునుగా పడుకోబెట్టి, ఈ కొసన ఒకటి, ఆ కొసన ఒకటి అడ్డంగా పెట్టండి. ఒక కన్ను మూసి, దగ్గరి పట్టీ పైఅంచు మీదుగా దూరపు పట్టీని చూడండి. రెండు అంచులూ సమానంగా కనపడితే మెలి లేదు. ఒక పక్క లేస్తే, లేచిన మేర దగ్గరి పట్టీ కింద అట్టముక్కలు దూర్చి సమానం చెయ్యండి. దూర్చిన అట్టల మందమే మీ మెలి. మూడు నాలుగు మిల్లీమీటర్లయితే చిత్రిక పడితే పోతుంది, ఎలాగూ 3 అంగుళాల మందముంది. పది దాటితే ధరలో వెయ్యో రెండువేలో తగ్గించుకోండి.

గోడకు ఆనించడం ఇవాళే మానెయ్యండి. నేలమీద సమానమైన చెక్కపట్టీలు మూడు పరిచి, వాటిమీద పలకలు పడుకోబెట్టి, మధ్యలో మళ్లీ పట్టీలు వెయ్యండి. రెండు వైపులా గాలి సమానంగా తగలాలి.

పొడి సంగతి హన్మకొండ అన్న చెప్తే బాగుంటుంది.

జవాబు (హన్మకొండ)

గా కాలును పక్కకు పెట్టి, కింద నల్ల కాయితం పరువు. రెండు రోజులైనంక చూడు. కొత్తగా పిండి పడితే పురుగు లోపల బతికే ఉన్నట్టు. పడకుంటే అది బెజ్జం తొలిచినప్పటి పొట్టే కావొచ్చు. టేకు చేవకు, అంటే లోపలి ముదురు రంగు భాగానికి, పురుగు తొందరగా పట్టదు, అంచుకు తెల్లగా ఉండే భాగానికి పడ్తది. కాలు అంచున తెలుపు ఉన్నదా చూడు, గుండుసూది తల అంత బొక్కలున్నయా చూడు. ఉంటే ఆ కాలు ఇయ్యకు, మిగిలినవాటికి కూడా అంటుకుంటది. మూడు కాళ్లే ఉన్నయని రాసి, ఒక కాలి పైసలు తగ్గించు.

జవాబు (గుంటూరు)

ఓఎల్‌ఎక్స్‌లో పెట్టేట్టయితే ఒక జాగ్రత్త. వస్తువు చూడకుండానే "ఓకే, పూర్తి డబ్బు ఇప్పుడే పంపిస్తా, నేను ఆర్మీలో ఉన్నా" అని ఫోన్ వస్తుంది. తర్వాత ఒక క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చెయ్యమంటారు. డబ్బు రావడానికి స్కాన్ చెయ్యక్కర్లేదు, యూపీఐ పిన్ కొట్టక్కర్లేదు. పిన్ అడిగిందంటే మీ డబ్బు పోతోందనే అర్థం. పొరపాటున పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి.

అడిగినవారు (ఉప్పల్)

నల్ల కాగితంమీద ఏమీ పడలేదు. తెల్ల భాగం కొద్దిగా ఉంది కానీ బొక్కలు లేవు. మెలి కొలిస్తే 4 మిల్లీమీటర్లు. ప్రకటన ఇలా రాశాను, చూడండి:

"టేకు వర్క్‌బెంచి, సగం పూర్తయింది. చాలా మంచి క్వాలిటీ. మిగతా పని సులువు. 15,000. సీరియస్ బయ్యర్స్ మాత్రమే."

జవాబు (విజయవాడ)

దీంట్లో కొనేవాడికి తెలిసింది ఒక్క ధరేనండీ. "సులువు" అన్న మాట కొట్టెయ్యండి, అది ఎవరికి సులువో మనకు తెలియదు. ఇలా పెట్టి చూడండి:

"టేకు వర్క్‌బెంచి సామాను, ఇంకా బిగించలేదు. పైబల్ల 12 అంగుళాల పలకలు రెండు, 6 అడుగులు, 3 అంగుళాల మందం, ఒకదానిలో 4 మిల్లీమీటర్ల మెలి ఉంది. కాళ్లు 4×4, 33 అంగుళాలు, నాలుగు. రెండింటికి బెజ్జాలు అయ్యాయి, రెండింటికి చెయ్యాలి. పట్టీలు 2×5, కోసి ఉన్నాయి. 9 అంగుళాల కొత్త వైస్. మిగిలిన టేకు ముక్కలు ఉచితం. డిపో బిల్లు చూపిస్తాను. అమ్మడానికి కారణం బదిలీ. ఉప్పల్‌లో చూసుకోవచ్చు, బండి మీరే తెచ్చుకోవాలి. 15,000, వైస్ లేకుండా 11,500."

వైస్ లేని ధర విడిగా రాయడం అవసరం. చాలామంది దగ్గర అప్పటికే ఒకటి ఉంటుంది, దాన్ని చూపించి బేరం మొదలుపెడతారు. ఆ బేరం ఎక్కడ ఆగాలో మీరే ముందు చెప్పేస్తున్నారన్నమాట.

అడిగినవారు (ఉప్పల్)

పెట్టేశాను. ఘట్‌కేసర్ నుంచి ఒకాయన ఆదివారం చూడ్డానికి వస్తానన్నారు. ట్రాలీ ఆటో సరిపోతుందా, టాటా ఏస్ కావాలా అని అడుగుతున్నారు.

జవాబు (హన్మకొండ)

ట్రాలీ ఆటో సాలు. టేకు సీఎఫ్‌టీకి పద్దెనిమిది, పందొమ్మిది కిలోలు పడ్తది, కలప అంతా కలిపి వంద కిలోల లోపే. కానీ ఒక్కో పలక ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది కిలోలు ఉంటది, సెల్లార్ ర్యాంపు మీద ఒక్కడు మొయ్యలేడు, ఇద్దరు రావాలని ముందే చెప్పు. పలకల నడుమ పాత దుప్పటి వెయ్యి, తాడు బిగించే కాడ అంచులకు అట్ట పెట్టు. బిల్లు జిరాక్స్ డ్రైవర్ చేతికియ్యి, దారిల టేకు చూసి ఎవరన్నా అడిగితే చూపెట్టొచ్చు.