పుస్తకం వివరాలు వ్యాసంలోనే రాయాలా, వికీడేటా నుంచి లాగాలా?

పుటలెక్క:
తెవికీలో (తెలుగు వికీపీడియా) మూలంగా చూపిన ఒకే పుస్తకం ఒక్కో వ్యాసంలో ఒక్కో వేషంలో కనిపిస్తోంది. ఒకచోట "గురజాడ అప్పారావు", ఇంకోచోట "అప్పారావు, గురజాడ", మరోచోట "గురజాడ వెంకట అప్పారావు". ప్రచురణకర్త ఉంటే సంవత్సరం ఉండదు, రెండూ ఉంటే పేజీ ఉండదు. వివరాలన్నీ వికీడేటాలో (వికీలన్నీ వాడుకునే ఉమ్మడి సమాచార కొట్టు) పుస్తకానికో అంశంగా ఒక్కసారి నింపేసి, వ్యాసంలో సైట్ క్యూ తరహా మూసకు (అక్కడి వివరాలతో మూలాన్ని రాసిపెట్టే టెంప్లేటు) ఆ అంశం గుర్తయిన క్యూ సంఖ్య, పేజీ సంఖ్య ఇద్దామని నా ప్రతిపాదన. తప్పు దొరికితే ఒక్కచోట దిద్దితే చాలు, వాడిన ప్రతి వ్యాసంలోనూ మారుతుంది.

నింపాల్సింది కొండంత ఏమీ లేదు. అక్కడ ఒక్కో వివరానికి ఒక్కో పి సంఖ్య: రకానికి పి31, శీర్షికకు పి1476 (తెలుగు లిపిలో, ముఖపత్రం మీద ఉన్నది ఉన్నట్టు), రచయితకు పి50, ప్రచురణకర్తకు పి123, ఊరికి పి291, సంవత్సరానికి పి577, భాషకు పి407. రచయితకు ఇంకా అంశం లేకపోతే పి2093లో పేరును ఉత్త అక్షరాలుగా రాసి, తర్వాత ముడివేయొచ్చు. పుస్తకాలు ఎక్కువైతే ఓపెన్‌రిఫైన్ అనే సాధనంలో పట్టిక చేసుకుని, ఉన్న అంశాలతో సరిపోల్చి ఎక్కించడమే.

తుమ్మెదరెక్క:
వ్యతిరేకిస్తున్నాను. వ్యాసం నా వీక్షణ జాబితాలో ఉన్నా, దాని మూలం వికీడేటాలో మారితే నాకు తెలియదు. అభిరుచుల్లో (ప్రిఫరెన్సెస్) వికీడేటా మార్పులు చూపించే పెట్టెకు విడిగా టిక్కు పెట్టుకోవాలి, పెట్టుకునేవాళ్ళు ఎందరు? ఎవరో అక్కడ రచయిత పేరు చెరిపేస్తే ఇక్కడ వ్యాసం చరిత్రలో ఒక్క గీత కూడా పడదు.

రెండోది భాష. రచయిత అంశానికి తెలుగు లేబుల్ (అంశం మీద రాసిన పేరు) లేకపోతే పేరు ఇంగ్లీషులో వస్తుంది. ఇంగ్లీషూ లేకపోతే క్యూ సంఖ్యే వస్తుంది. పాఠకుడికి క్యూ సంఖ్య చూపించడం కంటే రచయిత పేరు వదిలేయడమే నయం. ఇక పెద్ద వ్యాసాల్లో మూసల వెనక నడిచే లువా మాడ్యూళ్ళకు (చిన్న ప్రోగ్రాములు) పేజీ మొత్తానికి ఉన్న గడువు 10 సెకన్లు. ఒక్కో మూలానికి పుస్తకం, రచయిత, ప్రచురణకర్త అంశాలు మూడూ తెరవాల్సి వస్తే, అసలే సమాచారపెట్టెలతో బరువెక్కిన పేజీ ఆ గడువు దాటే అవకాశం ఉంది. దాటితే అక్కడి నుంచి మూసల స్థానంలో ఎర్ర అక్షరాల్లో లోపం సందేశాలే మిగులుతాయి.

అరసున్న:
మీరిద్దరూ డేటా ఎక్కడుండాలని కొట్లాడుకుంటున్నారు. ఏ డేటా అన్నది ముందు తేలాలి.

కన్యాశుల్కం తీసుకోండి. తొలి ముద్రణ 1897. గురజాడ దాన్ని బాగా పెంచి, తిరగరాసి 1909లో రెండో కూర్పు (ఎడిషన్) తెచ్చారు. ఇవాళ అందరూ చదివేది, ఉదహరించేది ఆ రెండోదే. ఇప్పుడు మూసకు నాటకం అంశం సంఖ్య ఇచ్చి పేజీ 112 అని రాశారనుకోండి. ఆ అంశంలో పి577 కింద 1897 ఉంటే మూలంలో "1897, పేజీ 112" అని పడుతుంది. మీరు చూసిన సంభాషణ 1897 ప్రతిలో లేకనే పోవచ్చు. పుటలెక్క గారు అన్నట్టు ఒక్కచోట దిద్దితే అన్నిచోట్లా మారడం నిజమే. ఒక్కచోట తప్పితే అన్నిచోట్లా తప్పడం కూడా అంతే నిజం.

అందుకే కృతికి ఒక అంశం (క్యూ7725634, అంటే సాహిత్య కృతి అనే రకం), కూర్పుకు వేరే అంశం (క్యూ3331189, అంటే కూర్పు అనే రకం) ఉండాలి. కూర్పు నుంచి కృతికి పి629, కృతి నుంచి కూర్పుకు పి747. రచయిత రెండుచోట్లా ఉంటారు. ప్రచురణకర్త, ఐఎస్‌బీఎన్ (పుస్తకానికిచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య), పుటల సంఖ్య కూర్పు మీదే ఉండాలి. మూసలో వాడాల్సింది కూర్పు సంఖ్య ఒక్కటే.

మన పుస్తకాలతో ఇంకో పేచీ ఉంది. "ఐదవ ముద్రణ" అని వేసినంత మాత్రాన పాత పుటలే మళ్ళీ అచ్చువేశారని కాదు. అక్షరాలు కొత్తగా కూర్చి ఉంటే పుటలన్నీ జరిగిపోతాయి, ఐఎస్‌బీఎన్ మాత్రం పాతదే ఉంచేస్తారు. అదే ఐఎస్‌బీఎన్ రెండు అంశాల్లో పెడితే వికీడేటా హెచ్చరిక గుర్తు చూపిస్తుంది. హెచ్చరిక చూసి అంశాలను కలిపేయకండి. మొత్తం పుటల సంఖ్య సరిచూసి, తేడా ఉంటే రెండుగానే ఉంచండి.

పుటలెక్క:
కూర్పు మాట ఒప్పుకుంటున్నా. కానీ వ్యాసంలో చేత్తో రాసే మూలాల్లోనూ కూర్పు ఉండటం లేదుగా? అది వికీడేటా తెచ్చిన రోగం కాదు.

పేర్ల గందరగోళానికి సగం కారణం సైటాయిడ్. విజువల్ ఎడిటర్‌లో లింకు ఇచ్చి మూలం తయారుచేయమంటే, అది పేరులో చివరి మాటను ఇంటిపేరు అనుకునే అవకాశమే ఎక్కువ. ఇంటిపేరు ముందు రాసుకునే మనకు "అప్పారావు, గురజాడ" అలాగే పుడుతుంది. వికీడేటాలో రచయిత లేబుల్ మొత్తం ఒకే ముక్కగా వస్తుంది, కామా గొడవ లేదు. వ్యాసంలోనే రాసేవాళ్ళు కూడా ఇంటిపేరు, పేరు అని రెండు గళ్ళు నింపకుండా రచయిత గడి ఒక్కటే వాడితే ఆ బాధ పోతుంది.

కాలగతి:
సంవత్సరం గురించి ఒక మాట. పాత పుస్తకాల మీద క్రీస్తు శకం లేకుండా "క్రోధి" అని మాత్రమే ఉంటుంది. అరవయ్యేళ్ళకోసారి తిరిగొచ్చే పేరది: 1904-05 కావొచ్చు, 1964-65 కావొచ్చు. వెల చూడండి. అణాల్లో ఉంటే పాతది, పైసల్లో ఉంటే కొత్తది. దశాంశ నాణేలు వచ్చింది 1957 ఏప్రిల్‌లో.

సరే, 1964-65 అని తేలింది. ఉగాది నుంచి ఉగాది కాబట్టి అది రెండు ఇంగ్లీషు సంవత్సరాల మీద పడుతుంది. పి577లో ఊరికే 1964 అని కొట్టకుండా, దాని కింద పి1319లో 1964, పి1326లో 1965 అని హద్దులు పెట్టండి. క్విక్‌స్టేట్‌మెంట్స్‌లో (వికీడేటాకు మూకుమ్మడిగా ఎక్కించే సాధనం) ఎక్కిస్తే తేదీ చివర /9 ఉండాలి, అంటే సంవత్సరం వరకే తెలుసని. అక్కడ /11 (రోజుతో సహా తెలుసని) పడితే పుస్తకం జనవరి 1న విడుదలైనట్టు నమోదవుతుంది.

తుమ్మెదరెక్క:
ఇంత చాకిరీ ఒక్క మూలం కోసమా? పైగా వికీడేటానే ఈ బరువు మోయలేక 2025లో క్వెరీ సర్వీసును (వికీడేటాలో ప్రశ్న వేసి వెతికే సేవ) రెండుగా చీల్చింది. మోయలేనివాడి నెత్తిన ఇంకో మూట పెడతామంటారు.

అరసున్న:
చీల్చిన మాట నిజమే, కానీ విడగొట్టింది పరిశోధన వ్యాసాలను. అవే సుమారు 4 కోట్ల అంశాలు. పుస్తకాలు, వాటి కూర్పులు ప్రధాన గ్రాఫులోనే (చీల్చిన రెండు భాగాల్లో ఒకటి) ఉన్నాయి, మామూలు క్వెరీకే దొరుకుతాయి. పుస్తకాలనూ పరిశోధన పత్రాలనూ ఒకే జాబితాలో అడిగేవాళ్ళు మాత్రం రెండు గ్రాఫులను కలిపి రాసుకోవాలి. మన వాడుకలో అది అరుదు.

నకిలీల గురించి భయపడండి, అది సబబు. శీర్షిక "-ము"తో ఒకటి, "-ం"తో ఒకటి పుడతాయి. "విజయ్‌కుమార్" లాంటి పేర్లలో పొల్లు తర్వాత కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉంటుంది. ఒకరు దాంతో, ఒకరు అది లేకుండా టైపు చేస్తే కంప్యూటర్‌కు అవి రెండు వేర్వేరు పేర్లు. కొత్త అంశం సృష్టించే ముందు ముగింపు వదిలేసి, పేరులో మొదటి భాగంతోనే వెతకండి. ఐఎస్‌బీఎన్ ఆసరా పాత పుస్తకాలకు ఎలాగూ లేదు. ఆ ప్రమాణమే 1970లో వచ్చింది.

గూటిదీపం:
స్కాన్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్న డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ప్రతుల వివరాలను అలాగే వికీడేటాలోకి దిగుమతి చేయొద్దు. శీర్షికలు రోమన్ లిపిలో, ఎవరికి తోచిన స్పెల్లింగులో ఉంటాయి. రచయిత గడిలో సంపాదకుడో ప్రచురణకర్తో ఉండొచ్చు. స్కాను తెరిచి ముఖపత్రం, దాని వెనక పుట చూసి రాయాలి. ఆర్కైవ్ గుర్తింపు సంఖ్యను మాత్రం పి724లో పెట్టండి.

పేజీ సంఖ్య దగ్గర మరీ జాగ్రత్త. ఆర్కైవ్ లింకులో "పేజ్" తర్వాత ఎన్57 అని ఉంటే అది స్కానులో ఆకు లెక్క, అచ్చు పుట కాదు. అట్టలు, పీఠిక, ఖాళీ పుటలు అందులో కలిసే ఉంటాయి. పుట మీద అచ్చయిన సంఖ్య 43 అయితే మూలంలో 43 అనే రాయాలి, లింకు మాత్రం ఎన్57కు ఇవ్వొచ్చు. వికీసోర్స్‌లో ఉన్న పుస్తకమైతే సూచిక పేజీలో ఈ రెండు లెక్కలకూ ముడి వేసే ఉంటుంది, అక్కడి పుటకే లింకు ఇస్తే మేలు.

నిఘంటువులకైతే పేజీ జోలికే పోవద్దు. బ్రౌణ్య (సి.పి. బ్రౌన్) తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో ఒకటి, సవరించి 1903లో ఒకటి. ఏ కూర్పో చెప్పి, ఆరోపం (అర్థం చెప్పిన పదం) ఇస్తే చాలు.

పుటలెక్క:
అయితే ఇలా చేద్దామా? పది వ్యాసాలకు పైగా వాడిన పుస్తకాలకే కూర్పు అంశాలు, ముఖపత్రం చూసినవారే సృష్టించాలి. ఒకటి రెండు వ్యాసాల్లో వాడినవి చేత్తో రాసినట్టే ఉండనిద్దాం. పేజీ ఎప్పుడూ వ్యాసంలోనే.

తుమ్మెదరెక్క:
తెలుగు లేబుల్ లేని రచయిత తగిలితే ఆ వ్యాసాన్ని ఒక నిర్వహణ వర్గంలో పడేసే ఏర్పాటు మూసలో పెట్టండి. అప్పటిదాకా నా ఓటు వ్యతిరేకం కిందే లెక్కేసుకోండి.