అప్‌డేట్: ఐరన్, ఐజెన్, అయస్సు గొడవ తేలింది

పోయిన వారం అడిగా కదా, ఇనుముకి ఉన్న పేర్లు జర్మన్ ఐజెన్ (Eisen), ఇంగ్లీష్ ఐరన్, మన సంస్కృతం అయస్సు (అదే, అయస్కాంతంలో ఉండేది) మూడూ ఒకే మూలమా అని. కాదంట! నేనేమో అప్పటికే ఫ్రెండ్స్ దగ్గర గొప్పగా చెప్పేసా, పరువు పోయింది.

అయస్సుకి అసలు చుట్టం గోథిక్‌లో (జర్మన్, ఇంగ్లీషులకి చుట్టమైన ఒక పాత భాష) "ఐజ్", లాటిన్‌లో "ఐస్", అంటే రాగి, కంచు లాంటివి. ఇనుముకి గోథిక్‌లో వేరే మాట ఉంది, "ఈసార్న్", ఐజెన్, ఐరన్‌లకి చుట్టం ఇదే. 4వ శతాబ్దంలో వుల్ఫిలా అనే బిషప్ గోథిక్‌లోకి చేసిన బైబిల్ అనువాదంలో, దయ్యం పట్టినవాడి కాళ్లకి ఇనుప సంకెళ్లు వేసే చోట ఇదే కనపడుతుంది, చదువుతుంటే భలే అనిపించింది. ఈ మాట కెల్టుల (పాతకాలం యూరప్‌లోని ఒక జాతి) దగ్గర తెచ్చుకున్నదని ఎక్కువమంది పండితుల లెక్క, ఎందుకంటే ఇనుము పనిలో వాళ్లే ముందున్నారు, వాళ్ల భాషల్లో చూస్తే, పాత ఫ్రాన్స్ ప్రాంతపు గాలిష్‌లో "ఇసార్నో", బ్రిటన్‌లోని వేల్స్ భాష వెల్ష్‌లో ఇప్పటికీ "హయార్న్", ఫ్రాన్స్‌లో ఇజెర్నోర్ అనే ఊరి పాత పేరు ఇసార్నోదురుమ్, అందులోనూ ఇనుమే కూర్చుంది. వస్తువుతో పాటు పేరు కూడా వచ్చేసిందన్నమాట, మనకి బస్సు, రైలు వచ్చినట్టే.

ఇక ఐజెన్ (Eisen)లో ఉన్న ఎస్ ఇంగ్లీష్ ఐరన్‌లో ఎక్కడికి పోయి ఆర్ వచ్చింది అన్న నా రెండో డౌట్: పాత ఇంగ్లీషులో ఈసెర్న్, ఈసెన్, ఈరెన్ అని మూడు రూపాలూ తిరిగేవంట, చివరికి మూడోదే నిలబడింది. జర్మన్ వాళ్లు ఎస్ ఉన్నదాన్ని ఉంచుకున్నారు. స్వీడిష్ "యార్న్" కథ ఇంకా చదవాలి.