విమానాల మంత్రిగా నాలుగేళ్లు: అశోక్ గజపతిరాజు గారి వల్ల విజయనగరానికి ఏమొచ్చింది?

గంటస్తంభం:
నిన్న కోట జంక్షన్ దగ్గర టీ కొట్లో మొదలైన గొడవ, ఇక్కడా పెడుతున్నా. రాజుగారు 2014 మే నుంచి 2018 మార్చి దాకా కేంద్ర పౌర విమానయాన మంత్రి. ఆయన రాజీనామా చేసేనాటికి, మన జిల్లాకి విమానాశ్రయం కడతామన్న భోగాపురంలో రన్‌వే కూడా లేదు. నా మాట సూటిగా: మంచాయనే, జిల్లాకి మాత్రం పనికి రాలేదు. కాదన్నోళ్లు చెప్పండి.

నాగావళి ఒడ్డు:
అన్నా, మంత్రంటే సంతకెళ్లిన తాతేటి, వచ్చేటప్పుడు పొట్లం కట్టించుకు రావడానికి? 2016 జూన్‌లో కొత్త విమానయాన విధానం వచ్చింది. చిన్న ఊళ్లకి చౌకగా విమానాలు నడిపే ఉడాన్ పథకం అందులోంచే పుట్టింది. గంట ప్రయాణానికి, సగం సీట్లకి 2,500 రూపాయలు మించకూడదన్నారు. 2017 ఏప్రిల్ 27న మొదటి విమానం సిమ్లా నుంచి ఢిల్లీకి ఎగిరింది. సిమ్లాలో ఆయనకేమైనా ఓట్లున్నాయా?

గంటస్తంభం:
నేనంటున్నదీ అదే తమ్ముడూ. సిమ్లా వాడికి విమానం దొరికింది. మా పక్కింటి కుర్రాడు మొన్న పండక్కి చెన్నై నుంచి జనరల్ పెట్టెలో మరుగుదొడ్డి పక్కన గోనెసంచి పరుచుకుని వచ్చాడు. రెండు రోజులు కాళ్ల వాపు తగ్గలేదు. వాడికి నీ 2,500 లెక్క చెప్పమంటావా?

రిటైర్డ్ మేష్టారు:
బాబూ, రైలు పెట్టె కష్టం విమానాల శాఖ మీద వేస్తే ఎలా? మనిషిని చూడాలంటే 2017 మార్చి గుర్తు తెచ్చుకోండి. శివసేన ఎంపీ రవీంద్ర గైక్వాడ్ ఎయిరిండియా ఉద్యోగిని చెప్పుతో కొట్టాడు. విమానయాన సంస్థలు ఆయన్ని ఎక్కించుకునేది లేదన్నాయి. లోక్‌సభలో ఆ పార్టీ వాళ్లు చుట్టుముట్టినా రాజుగారు భద్రత విషయంలో రాజీ పడనన్నారు. ఎంపీ అయినా విమానమెక్కాక ప్రయాణికుడే కదా. అదే ఏడాది సెప్టెంబరులో అల్లరి ప్రయాణికుల్ని విమానం ఎక్కనివ్వకుండా పెట్టే నో ఫ్లై లిస్టు నిబంధనలు వచ్చాయి. నాకైతే ఇది చాలు.

గంటస్తంభం:
ఒప్పుకున్నాను మేష్టారూ. మరి భోగాపురం టెండరు? ఆయన శాఖ కిందున్న ఎయిర్‌పోర్ట్స్ అథారిటీయే అందరికంటే ఎక్కువ పాడింది. 2018 మొదట్లో రాష్ట్రం దాన్ని రద్దు చేసేసింది. అప్పుడిక్కడున్నదీ ఆయన పార్టీ, తెలుగుదేశం ప్రభుత్వమే! శివసేనకి ఎదురు నిలిచినాయన ఇంట్లోవాళ్ల దగ్గర ఎందుకు గట్టిగా మాట్లాడలేదు? తర్వాత ఆ పని జీఎంఆర్ కంపెనీకి వెళ్లింది. 2019లో చంద్రబాబు ఒకసారి, 2023 మే 3న జగన్ ఇంకోసారి శంకుస్థాపన చేశారు. ఒక ఇంటికి రెండుసార్లు కొబ్బరికాయ కొట్టడం మనకే చెల్లింది.

వంశధార:
మా శ్రీకాకుళం నుంచి చిన్న మాట. 2024 జూన్ నుంచి ఆ శాఖ మా రామ్మోహన్ నాయుడు దగ్గరుంది. ఆయన తండ్రి ఎర్రన్నాయుడు గారు 1996లో కేంద్రంలో గ్రామీణాభివృద్ధి మంత్రి. అప్పుడూ మా ఊళ్ల నుంచి వలస బస్సులు వెళ్లాయి, ఇప్పుడూ వెళ్తున్నాయి. పదవి ఎవరిదైనా బస్టాండులో మూటలు మాత్రం మావే.

జీడితోట:
భోగాపురం వైపు వాణ్ణి. మీరంతా విమానం ఎప్పుడొస్తుందని కొట్టుకుంటున్నారు. విమానాశ్రయానికి భూమి కొలతలకొచ్చినోళ్లు మా పెదనాన్న జీడిచెట్టుకి ఎర్ర రంగుతో నంబరేసి పోయారు. ఆ తోట మీదే ఇద్దరాడపిల్లల పెళ్లిళ్లు చేసినాడాయన. పరిహారం డబ్బు ఇల్లు కట్టడానికి సరిపోయింది. ఇప్పుడు పొద్దున్నే లేచి ఎక్కడికెళ్లాలో తెలీక, రోడ్డు మీద అరుగెక్కి కూర్చుంటాడు. రాజుగారు మంచోరా కాదా అని నన్నడక్కండి. పెదనాన్ననడిగితే, "ఆ చెట్టు నంబరెంతరా" అంటాడు.